చలువ పెరుగు

"పై అరలో ఎలుకలు పిల్లల్ని పెట్టడం లేదు మేడం," అంది నస్రీన్.

హైమావతి మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. "ఏసీ పాడైంది కదమ్మా. బెజవాడ మే నెల ఎండలకి మనుషులమే సొమ్మసిల్లిపోతున్నాం. ఎలుకలెంత?"

"చూలు నిలుస్తోంది మేడం. సగంలో పోతోంది. సరిగ్గా వాటి కింది అరలోనే మన చలువ ఎలుకలున్నాయి. బోనుల్లో రంపపు పొట్టు మార్చేటప్పుడు పైవాటికేమైనా అంటుకుందేమో అని..."

"అంటుకుంటే మాత్రం? అదేమన్నా విషమా? ఏసీ బాగు చేయించి మళ్లీ చూడు."

నస్రీన్ ఇంకేదో అనబోయి ఊరుకుంది. ఆ పరిశోధనశాలలో హైమావతి పెద్ద సైంటిస్టు. నస్రీన్ ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్ల. పైగా ఆ వారం హైమావతికి చెడ్డ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చలువ మీద జరిపిన మొదటి విడత పరీక్షల ఫలితాలు అప్పుడే వచ్చాయి. అనుకున్నదానికంటే బాగా వచ్చాయి.

చలువ ఒక సూక్ష్మజీవి. దాని అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు. పరీక్షలకి వచ్చే ఒకావిడ, "ఏం మందోగానీ ఒంటికి చలువ చేసిందమ్మా" అంది. ఆ మాటే దానికి పేరైపోయింది.

ఆడదాని ఒంట్లో ఈస్ట్రోజెన్ తన పని ముగించాక, కాలేయం దాన్ని మూటగట్టి పేగుల్లోకి తోసేస్తుంది, బయటికి పొమ్మని. పేగుల్లో ఉండే కొన్ని సూక్ష్మజీవులు ఆ మూట విప్పుతాయి. విప్పింది మళ్లీ రక్తంలో కలుస్తుంది. నెలసరి ఆగిపోయే వయసులో, అండాశయాలు చేతులెత్తేశాక, ఒంట్లో మిగిలేది చిటికెడు. ఆ చిటికెడునైనా పారబోసుకోకుండా తిరిగి వాడుకోగలిగితే, ఒంట్లోంచి ఎగిసే ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం చాలావరకు తగ్గుతాయి. ఇదీ హైమావతి ఆలోచన. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆ బాధలు పెద్దగా ఎరగని కొందరు ఆడవాళ్ల పేగుల్లో ఆమెకి ఈ సూక్ష్మజీవి దొరికింది.

దొరికినదాన్ని దొరికినట్టు ఉంచలేదు. బజార్లో దొరికే ప్రోబయోటిక్ పొడులన్నిటికీ ఒకటే జబ్బు. తిన్నన్నాళ్లు ఉంటాయి, మానేస్తే పోతాయి. హైమావతి చలువ జన్యువులు మార్చి, పేగు గోడని పట్టుకుని వేళ్లాడటం దానికి నేర్పింది. ఒకసారి లోపలికి వెళ్లిందంటే ఇక పోదు. ఆమె పేరు నలుగురి నోళ్లలో పడింది ఆ ఒక్క గుణం వల్లే.

ఆమె ఈ పని మీద పడటానికి కారణం ఆమె ఒళ్లే. యాభైకి దగ్గరపడుతున్న రోజుల్లో, ఢిల్లీ నుంచి వచ్చిన అధికారుల ముందు మాట్లాడుతుంటే ఛాతీలోంచి మంట లేచి నెత్తికెక్కింది. జాకెట్టు తడిసి వీపుకి అతుక్కుపోయింది. అప్పటికి ఏళ్ల తరబడి తను పెంచుతున్న వేరే సూక్ష్మజీవి పేరు నోటికి రాలేదు. ముందు వరసలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. ఒకప్పుడు కాలి నరంలో రక్తం గడ్డకట్టింది కాబట్టి హార్మోను మాత్రలు ఆమెకి పడవంది డాక్టరు. "అందరాడవాళ్లూ దాటేదే కదండీ. కొన్నాళ్లు ఓర్చుకోండి," అంది. ఓర్చుకోమన్న ఆ మాట హైమావతి ఒంట్లో మంటకంటే ఎక్కువ మండింది.

మందు తయారుచేసినవాళ్లు దాన్ని తమ మీద వాడుకోకూడదు. ఆ నియమం ఆమెకి తెలుసు. తెలిసే ఒక సాయంత్రం చిన్న సీసాలో చలువని ఇంటికి తెచ్చుకుంది. గోరువెచ్చటి పాలల్లో కలిపి మూతపెట్టింది. తెల్లారేసరికి కత్తితో కోస్తే తెగేంత గట్టిగా తోడుకుంది. ఆ పెరుగుని ఇంట్లో పెరుగుతో కలవకుండా పింగాణీ జాడీలో వేరుగా పెట్టుకుని, రోజూ ఓ గరిటె తినేది. కొన్నాళ్లకి నిద్ర పట్టింది. పోయిన మాటలు తిరిగి నాలిక మీదికి వచ్చాయి. కాన్పూర్‌లో ఒక సభలో కాగితం చూడకుండా గంటసేపు మాట్లాడింది.

"మనిషివి తేటపడ్డావు. ఏం తింటున్నావేంటి?" అన్నాడు భర్త ప్రకాశం. ఆయన రైల్వేలో లోకో ఇన్‌స్పెక్టరు.

"పెరుగు," అని నవ్వింది.

ఎదురు ఫ్లాట్లో అరుణకుమారి ఉండేది. హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. ఆమెదీ అదే వయసు, అదే అవస్థ. స్టాఫ్ రూములో అందరి ముందూ ఒక టీచరు మీద అరిచేసి, ఇంటికొచ్చి హైమావతి సోఫాలో కూర్చుని ఏడ్చింది. "నేను ఇలాంటిదాన్ని కాదు హైమా. నాలోకి ఎవరో దూరారు," అంది. హైమావతికి చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. జాడీలోంచి రెండు చెంచాలు గిన్నెలో వేసి ఇచ్చింది.

"ఇది ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఎవరితోనూ అనకు."

"అననులే," అంది అరుణకుమారి. అనలేదు కూడా. కానీ పొద్దున్నే గిన్నె పట్టుకుని కాస్త తోడు ఇమ్మని వచ్చినవాళ్లని తెలుగింట్లో లేదని పంపరు.

నస్రీన్ ఎలుకల మాట చెప్పిన మూడోనాడు కూతురు సింధూర గుంటూరు నుంచి వచ్చింది. బ్యాంకులో పని. పెళ్లయిన నాలుగేళ్లకి కడుపు పండింది, మూడో నెల. మెతుకు ఇమడటం లేదు. అల్లుడు ప్రదీప్ కారులోంచి దించి, "అత్తయ్యా, నాలుగు రోజులు మీ దగ్గరుంటే కుదుటపడుతుందేమో. మంచినీళ్లు కూడా కక్కేస్తోంది," అన్నాడు.

పప్పు వాసన పడలేదు. చారు పడలేదు. ఇడ్లీ గొంతు దిగకముందే తిరిగొచ్చింది. ఇంట్లో పెరుగు ఎండకి పుల్లబడి నోట్లో పెట్టగానే సింధూర మొహం ముడుచుకుంది. హైమావతి ఫ్రిజ్ ముందు నిలబడింది. జాడీలో పెరుగు కమ్మగా ఉంది. చలువ పెరుగు ఎంత ఎండకీ పులియదు.

ఆ క్షణంలో నస్రీన్ మాట ఆమెకి గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. రావడమే కాదు, దాంతో వాదించింది కూడా. ఇంతమంది ఆడవాళ్లు తిన్నారు, ఒక్కరికి తలనొప్పైనా రాలేదు. నేను తింటున్నాను. ఏసీ లేని గదిలో ఎలుకలకి చూలు నిలుస్తుందా? అలా తనకి తనే జవాబు చెప్పుకుని, మెత్తటి అన్నంలో పెరుగు కలిపి, అల్లం ముక్క వేసి, ముద్దలు చేసి పెట్టింది.

సింధూర తిన్నది ఇమిడింది.

"ఇంకో ముద్ద పెట్టమ్మా," అంది. చాలా రోజుల తర్వాత మొహంలో కళ వచ్చింది. ఉన్నన్నాళ్లు రెండుపూటలా అదే తిన్నది. వెళ్లేటప్పుడు, "ఆ పెరుగు తోడు కాస్త డబ్బాలో వెయ్యమ్మా. అక్కడ ఇలా తోడుకోదు," అని అడిగి తీసుకెళ్లింది.

నెల తిరగకముందే గుంటూరు ఆసుపత్రి నుంచి ప్రదీప్ ఫోన్ చేశాడు. హైమావతి, ప్రకాశం వెళ్లేసరికి అంతా అయిపోయింది. సింధూర గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "అందరికీ జరిగేవేనమ్మా. మొదటిది ఒక్కోసారి నిలవదు," అని నర్సు చెబుతోంది. ప్రకాశం కిటికీ దగ్గర నిలబడి కళ్లజోడు పదేపదే తుడుచుకుంటున్నాడు. హైమావతి కూతురి పాదాల మీద చేతులు వేసి కూర్చుంది. ఆ పాదాలు చల్లగా ఉన్నాయి. అప్పుడే ఆమెకి మొదటిసారి భయం వేసింది.

తిరిగొచ్చాక నేరుగా ల్యాబుకి వెళ్లింది. ఏసీ ఎప్పుడో బాగైంది. గది చల్లగా ఉంది. పై అరలో ఒక్క బోనులోనూ పిల్లల్లేవు.

"నేను మీకు చెప్పకుండా పరీక్షలు చేశాను మేడం. కోప్పడకండి," అంది నస్రీన్. కంప్యూటరు తెర హైమావతి వైపు తిప్పింది. "చలువ ఈస్ట్రోజెన్ మూట విప్పడంతో ఆగడం లేదు. ప్రొజెస్టెరాన్ దొరికితే తినేస్తోంది. అది దానికి మేత. ఎంత దొరికితే అంత తిని, అంత పెరుగుతోంది."

ప్రొజెస్టెరాన్ అంటే కడుపులో బిడ్డని పట్టి ఉంచే హార్మోను.

"మరి ఇన్నాళ్లూ మనకెందుకు కనబడలేదు?" అంది హైమావతి. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. పరీక్షలకి పిలిచినవాళ్లంతా నెలసరి ఆగిపోయినవాళ్లు. వాళ్లకంటే ముందు వాడినవి అండాశయాలు తీసేసిన ఎలుకలు. వాటిలో ప్రొజెస్టెరాన్ లేదు. లేనిదాన్ని చలువ ఎలా తింటుంది? ఎవరికోసం చేస్తున్నారో వాళ్ల మీదే పరీక్షించారు. వాళ్ల ఇళ్లలో కూతుళ్లు ఉంటారనీ, కోడళ్లు ఉంటారనీ, అందరూ ఒకే గిన్నెలో పెరుగు తింటారనీ ఎవరికీ తట్టలేదు.

"మా సింధూర తిన్నది నస్రీన్," అంది హైమావతి.

నస్రీన్‌కి ముందు అర్థం కాలేదు. అయ్యాక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డైరెక్టరు గోవర్ధన్ తలుపు వేయించి విన్నాడు. మంచివాడే. అరవలేదు. "మీ అమ్మాయి మన పరీక్షల్లో లేదు కదండీ. మీ ఇంట్లో పెరుగు సంగతి నేను విననట్టే ఉంటాను. నెలసరి ఆగినవాళ్లకే ఇవ్వాలని మందు మీద రాయిద్దాం. అసలు ఆలోచిస్తే..." బల్ల మీది కాగితాలు సర్దాడు. "పిల్లలు వద్దనుకునే వయసు ఆడవాళ్లకి ఇది వేరే మందవుతుంది. ఒకటి చెయ్యబోతే రెండయ్యాయి."

హైమావతి లేచి వచ్చేసింది. ఆ సాయంత్రమే జరిగిందంతా రాసి, పరీక్షల మీద నిఘా ఉంచే సంఘానికి పంపింది. సీసా ఇంటికి తెచ్చుకున్నది కూడా దాచలేదు. పరీక్షలు ఆగిపోయాయి. ఆమె ఉద్యోగం పోయింది. అదంతా జరుగుతుందని ఆమెకి తెలుసు. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. కష్టమైన పని గుంటూరులో ఉంది.

ప్రదీప్ తలుపు తీశాడు. సింధూర మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. హైమావతి చెప్పాల్సింది చెప్పింది. చలువ అంటే ఏమిటో, అది జాడీలోకి ఎలా వచ్చిందో, సింధూర పేగుల్లో ఇప్పుడది ఉండే ఉంటుందనీ, పరీక్ష చేయించుకోవాలనీ.

సింధూర మడతపెడుతున్న చీర అలాగే ఒళ్లో పెట్టుకుంది. "నీకు తెలియక పెట్టావు కదమ్మా," అంది. అది ప్రశ్నలా లేదు. అలా అయితే బాగుండునని అన్నట్టుంది.

హైమావతి అవునంటే సరిపోయేది. ప్రకాశం బస్సులో వస్తూ, "ఆ ఎలుకల మాట మాత్రం ఎత్తకే" అని బతిమాలాడు కూడా.

"నువ్వు రావడానికి ముందే నస్రీన్ చెప్పింది. ఎలుకలకి కడుపులు పోతున్నాయని," అంది.

"కడుపులు పోతున్నాయని చెప్పాక పెట్టావా?"

"ఎండ వల్లేమో అనుకున్నాను."

"అనుకున్నావా? అనుకుంటే నీకు సుఖంగా ఉంటుందని అనుకున్నావా?"

హైమావతి మంచం అంచున కూర్చోబోయి, నిలబడిపోయింది.

"నేను అడిగి అడిగి పెట్టించుకున్నానే," అంది సింధూర. "ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని. ఇక్కడికి తెచ్చుకుని రోజూ తోడేసుకున్నాను. ఆసుపత్రికి వెళ్లిన పొద్దున కూడా తిన్నాను."

ప్రదీప్ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "అత్తయ్యా, ఈ పూటకి మీరు వెళ్లండి," అన్నాడు మెల్లగా.

పరీక్షలో చలువ ఉందని తేలింది. యాంటీబయాటిక్ మందులు వాడారు. ఒకటి కాదు, రకరకాలవి. సింధూర బరువు తగ్గింది, జుట్టు ఊడింది. పేగుల్లో ఉన్న మంచీ చెడూ అన్నీ చచ్చాయిగానీ చలువ చావలేదు. కొన్నాళ్లు మాయమై మళ్లీ కనబడేది. పట్టుకుని వేళ్లాడటం దానికి హైమావతి అంత బాగా నేర్పింది.

ఈలోగా ఆమె తన అపార్టుమెంటులో గడప గడపకీ తిరిగింది. అరుణకుమారి ఇచ్చిన తోడు ఎవరెవరి ఇళ్లకి వెళ్లిందో, అక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లిందో కనుక్కోబోయింది. మూడో ఇంటి తర్వాత దారి తెగిపోయింది. ఒక పనిమనిషి తన పేటకి తీసుకెళ్లింది. ఒకావిడ ఏలూరులో చెల్లెలికి పంపింది. కొందరు పెరుగు పారబోశారు. పారబోస్తే ఏం లాభం, కడుపులో ఉన్నది ఎక్కడికి పోతుంది? మరికొందరు అసలు నమ్మలేదు.

"నీ ఉద్యోగం పోయిందని ఇలా అంటున్నావు," అంది ఒకావిడ. "నేను మనిషినయ్యిందే ఆ పెరుగు తిన్నాక."

జబ్బు అంటించింది తను కాబట్టి మందు వెతకడానికి తన ఒళ్లే ఇస్తానంది హైమావతి. ఆ పని ఇప్పుడు నస్రీన్ చేతుల్లో ఉంది. ఒకప్పుడు తను తాళం తీసి లోపలికి వెళ్లిన ల్యాబులోకి, సందర్శకుల బిళ్ల మెడలో వేసుకుని, డబ్బాలో తన మలం నమూనా పట్టుకుని వెళ్లేది. సెక్యూరిటీ అతను ఆమె కళ్లలోకి చూసేవాడు కాదు.

సూక్ష్మజీవులని తినే వైరస్‌లు కొన్ని ఉంటాయి. ఒక్కో వైరస్ ఒక్కో రకాన్నే తింటుంది. అవి ఎక్కువగా మురికినీళ్లలో దొరుకుతాయి. నస్రీన్ చున్నీ మొహానికి చుట్టుకుని బందరు కాలవలో కలిసే డ్రైనేజీల దగ్గర సీసాలు ముంచేది. చాలా కాలం ఏమీ దొరకలేదు. ఒక వానాకాలం తర్వాత దొరికింది. గాజుపళ్లెంలో తెల్లగా పరుచుకున్న చలువ మీద ఆ నీటి బొట్టు వేస్తే, వేసినచోటల్లా ఖాళీ మచ్చలు పడ్డాయి.

అనుమతులు వచ్చాక మొదట తాగింది హైమావతి. పదిరోజుల్లో ఆమె పేగుల్లో చలువ ఆనవాలు లేకుండా పోయింది. ఆ వెనకే మంటలు తిరిగొచ్చాయి, ముందుకంటే పెద్దవి. మాట మధ్యలో మాట మాయమైపోయేది. బజారుకెళ్లి కొత్తిమీర పేరు మర్చిపోయి, కొట్టువాడికి వేలితో చూపించింది. ప్రకాశం కంగారుపడుతుంటే, "దీనివల్ల చావరులెండి," అంది.

తర్వాత సింధూర తాగింది. నస్రీనే గుంటూరు వెళ్లి తాగించి వచ్చింది. హైమావతి రావద్దని కబురు.

ఆ వైరస్ కూడా చలువలాగే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఒకే ఇంట్లో ఒకరికి చలువ, ఒకరికి మందు అంటే కుదరదు. ఎవరి ఇంట్లోనైనా పిల్లల్ని కనాల్సిన ఆడవాళ్లుంటే, ఆ ఇంట్లో పెద్దావిడ కూడా తన చలువని వదులుకోవాల్సిందే. అరుణకుమారికి కొత్తగా కోడలు వచ్చింది. హైమావతి మందు సీసా పట్టుకుని ఎదురు ఫ్లాట్ బెల్లు కొట్టింది.

అరుణకుమారి సీసా అందుకుంది. మూత తీసి వాసన చూసింది. "తాగుతాను. నా కోడలి కడుపుకి అడ్డం పడతానా?" అంది. "కానీ హైమా, ఒక్కటి అడుగుతాను. ఆ రెండేళ్లు నేను బతికాను. బళ్లో అమ్మాయిలు నన్ను చూసి నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. అసలు ఇలా ఉండొచ్చని చూపించి మళ్లీ తీసుకుపోతున్నావే. ఎందుకిచ్చావు నాకు?"

"నువ్వు ఏడుస్తుంటే చూడలేక."

"చూస్తూ ఊరుకోవలసింది," అంది అరుణకుమారి. తలుపు వేసేసుకుంది. ఆ తర్వాత లిఫ్టులో ఎదురుపడినా పలకరించలేదు. మరుసటి ఏడాది ముందుగానే రిటైర్మెంటు తీసుకుందని ప్రకాశం ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పాడు.

సింధూరకి మళ్లీ కడుపు నిలిచింది. ఆ సంగతి హైమావతికి ఆరో నెలలో తెలిసింది, అదీ ప్రదీప్ చెబితే. పురిటికి పుట్టింటికి రాలేదు. అత్తగారు వచ్చి చూసుకుంది. ఆడపిల్ల పుట్టింది. పాపకి ఐదో నెల వచ్చాక సింధూర తనే ఫోన్ చేసి, "నాన్నా, నువ్వూ అమ్మా ఆదివారం రండి. పాపని చూసి వెళ్దురుగాని," అంది.

హైమావతి తినేవి ఏవీ తీసుకెళ్లలేదు. పాపకి రెండు నూలు గౌన్లు కొంది, అంతే.

సింధూర బాగానే మాట్లాడింది. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. నాన్న కాస్త చిక్కాడంది. పాపని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. పాప హైమావతి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. సింధూర వంగి, ఏమీ అనకుండా, ఆ వేలు పాప పిడికిట్లోంచి విడిపించి, పాప చేతికి గిలక్కాయ ఇచ్చింది.

కాసేపటికి పాప ఏడిస్తే తీసుకుని పాలివ్వడానికి కూర్చుంది. పాప తాగుతుంటే సింధూరకి గొంతు ఎండినట్టుంది. పెదాలు తడుపుకుంటూ వంటింటి వైపు చూసింది. ప్రదీప్ బాల్కనీలో ఫోన్లో ఉన్నాడు. ప్రకాశం కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.

"మంచినీళ్లా అమ్మా? ఉండు, నేను తెస్తాను," అని హైమావతి లేచింది.

"వద్దమ్మా." వెంటనే వచ్చింది ఆ మాట. తర్వాత సింధూర గొంతు మెత్తబరచుకుంది. "నువ్వు కూర్చో. ఆయన వచ్చాక తెస్తారులే."

హైమావతి కూర్చుంది. ఒంట్లోంచి మంట లేచింది. వీపు మీద చెమట కారుతుంటే పమిట భుజాల చుట్టూ కప్పుకుని కదలకుండా ఉండిపోయింది. బాల్కనీలో ప్రదీప్ ఎవరితోనో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. సింధూర అంత దాహంతోనూ, పాపకి పాలిస్తూ అతను వచ్చేదాకా అలాగే కూర్చుంది.